ఎత్తు ట్రాక్టరుకు పాత ట్రక్కు



మన పెద్దలు ఎడ్లబండి తోలిన రోజుల్లో పొట్టి ఎడ్లను అమ్మి పొడుగాటి ఒంగోలు జతను తెచ్చుకుంటే, మొదటిరోజే ఒక సంగతి తెలిసిపోయేది. కాడి ఎత్తుకు పోతుంది. నొగ పైకి లేచి బండి వెనక్కు వాలుతుంది. బస్తాలు ఎప్పటిలాగే వేసినా బరువు ఇరుసు దాటి వెనక్కు పోతుంది. పలుపులు గొంతుకు పట్టి ఎడ్లు తల విదిలించేవి. బండివాడు దిగి రెండు బస్తాలు ముందుకు జరుపుకునేవాడు. ట్రాక్టరుకు అట్లా తల విదిలించటం రాదు. దాని బాధ మనమే కొలిచి తెలుసుకోవాలి.

మీలో చాలామంది పాత 35 అశ్వశక్తుల ట్రాక్టరు ఇచ్చివేసి 50 అశ్వశక్తుల దానిని తెచ్చుకున్నారు. మంచిదే. కాని ట్రక్కు మాత్రం పాతదే. కొన్ని జిల్లాలవారు దీనినే ట్రాలీ అంటారు. నేను ట్రక్కు అనే అంటాను. పాత ట్రాక్టరు వెనుక టైరు 12.4-28 అయితే కొత్తదానికి 14.9-28 గాని 16.9-28 గాని ఉంటుంది. టైరు పెద్దదైన కొద్దీ ఇరుసు లేస్తుంది, ఇరుసుతోపాటు వెనుక హుక్కూ లేస్తుంది. హుక్కు బిగించే పలకలో కూడా ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క ఎత్తు.

ముందుగా కొలత తీయండి. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగా ఉన్నప్పుడు, ట్రక్కు నొగ క్రింద దిమ్మ పెట్టి తొట్టి అడుగును మట్టపలకతో సమంగా నిలపండి. నేలనుంచి కడియం మధ్యవరకు ఎంతో కొలవండి. తరువాత ట్రాక్టరు హుక్కు మధ్యవరకు కొలవండి. ఉదాహరణకు కడియం 16 అంగుళాలు, హుక్కు 22 అంగుళాలు వచ్చాయనుకుందాం. తేడా 6 అంగుళాలు. ఒక అంగుళం తేడాకు కంగారు లేదు. ఆరంటే ఊరుకోకూడదు.

ఎందుకో లెక్క చూడండి. రెండు చక్రాల ట్రక్కుకు కడియంనుంచి ఇరుసుకు 10 అడుగుల దూరం, తొట్టి పొడవు 10 అడుగులు అనుకోండి. కడియం 6 అంగుళాలు లేస్తే తొట్టి ముందు అంచుకూ వెనుక అంచుకూ 6 అంగుళాల వాలు ఏర్పడుతుంది. ఇప్పుడు దానిలో వరిగడ్డి వేశారు. బరువు టన్నున్నర, గడ్డి బరువుకు నడుమ బిందువు ఇరుసుకు ఒక అడుగు ముందు, 5 అడుగులు పైన ఉన్నదనుకుందాం. తొట్టి సమంగా ఉంటే హుక్కుమీద 150 కిలోల బరువు ఆనుతుంది. వెనక్కు వాలేసరికి అందులో 37 కిలోలు పోయాయి. కాలువగట్టు ఎక్కేటప్పుడు పదడుగులకు అడుగు ఎత్తున్న వాలైతే మరొక 75 పోతాయి. మిగిలింది 38. మన అలవాటు ప్రకారం గడ్డి వెనుకకు వేలాడేటట్లు వేసి, ఆ నడుమ బిందువు అరడుగు వెనక్కు జరిగితే ఇంకో 75 పోవాలి. అన్ని కిలోలు అక్కడ లేవు! అంటే నొగ ఇక హుక్కును క్రిందికి నొక్కటం మాని, పైకి ఎత్తటం మొదలుపెడుతుంది. ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు బాగా కావలసిన చోటనే పట్టు తగ్గుతుంది. బండి గట్టుమీద జారుతుంది. చదును రోడ్డుమీదైతే ముందుబరువు లేని ట్రక్కు తోక ఊపుతుంది.

ధాన్యం బస్తాలైతే ఇంత ఎత్తు ఉండవు, నష్టమూ ఇంత ఉండదు. గడ్డి, పత్తి, చెరకు, ఈ మూడే మనకు పరీక్ష.

ఇక సరిచేసే ఉపాయం. ట్రాక్టరు హుక్కు పలకలో ఒకదాని క్రింద ఒకటి రంధ్రాలుంటే, మొదట హుక్కును క్రింది రంధ్రాలకు దింపండి. హుక్కు దిగటం మనకు మేలే. గట్లు దాటేటప్పుడు నేలకు తగలనంత ఎత్తు ఉంచుకుంటే చాలు. మన ఉదాహరణలో రెండు అంగుళాలు దిగి 20కి వచ్చిందనుకోండి. మిగిలిన నాలుగు అంగుళాలు ట్రక్కు వైపు సరిచేయాలి. నొగ కొసను మందపాటి పలకలు రెండు ప్రక్కలా బిగించి, వాటికి నిలువుగా రంధ్రాలు వేసి, కడియాన్ని నట్టుబోల్టులతో కావలసిన ఎత్తున అమర్చటం మంచి పద్ధతి. రేపు మరో ట్రాక్టరు వచ్చినా మార్చుకోవచ్చు.

ఖర్చు తగ్గుతుందని నొగను సగంవరకు కోసి, పైకి వంచి, ఆ సందులో వెల్డింగు నింపేవారున్నారు. ఒక గ్రామంలో అట్లా చేసిన నొగను పరీక్షగా చూచాను. రంగు క్రింద వెంట్రుకవాసి చీలిక ఉన్నది. సన్నని తుప్పుగీత వల్ల బయటపడింది. ఆ ట్రక్కులో నాట్లకు మనుషులను కూడా ఎక్కిస్తున్నారు! కోసిన చోటే బరువంతా పడుతుంది. ఆ పని చేయించవద్దు. ట్రక్కు స్ప్రింగుల క్రింద దిమ్మలు పెట్టి తొట్టిని మొత్తం లేపటం కూడా నాకు ఇష్టంలేదు. మట్టం కుదురుతుంది గాని బరువు ఇంకా పైకి పోయి, మలుపులో ప్రక్కకు ఒరిగే భయం పెరుగుతుంది.

దీనికి ఎదురు సందర్భం ఇంకా ప్రమాదకరం. ఎత్తు కడియం ఉన్న ట్రక్కును పొట్టి ట్రాక్టరుకు తగిలించాలని, హుక్కునే పైకి ఎక్కిస్తారు. ట్రాక్టరు వెనుక ఇరుసు నేలకు సుమారు రెండడుగుల ఎత్తున ఉంటుంది. లాగే చోటు ఆ ఇరుసు మట్టానికి పైన ఉండకూడదు. ఎన్నటికీ ఉండకూడదు. చక్రాలు బురదలో దిగబడి కదలకుండా ఉన్నప్పుడు క్లచ్చి ఒక్కసారి వదిలితే, చక్రం తిరగటానికి బదులు ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరిగి ముందుభాగం లేస్తుంది. హుక్కు ఇరుసుకు క్రింద ఉంటే, ముందు లేచేకొద్దీ లాగే చోటు దిగిపోయి ఆ ఊపు తగ్గుతుంది. పైన ఉంటే ఆపేది ఏదీ లేదు. డ్రైవరు దూకటానికి వ్యవధి ఉండదు. 1917లో అమెరికాలో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లకు ఇట్లా వెనక్కు తిరగబడతాయనే చెడ్డపేరు వచ్చింది. ఐర్లండువాడైన హారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు చేతుల అమరిక ఆ భయాన్ని తగ్గించింది. మీ ట్రాక్టరు వెనుక ఉన్నది ఆ అమరికే. అయితే అది నాగలికీ గొర్రుకూ. ఆ క్రింది చేతుల మధ్య వేసే రంధ్రాల కమ్మీకి ట్రక్కు తగిలించకండి. ఎవరిదో చెయ్యి హైడ్రాలిక్ మీటకు తగిలితే హుక్కు మీ ప్రమేయం లేకుండానే పైకి పోతుంది.

నాలుగు చక్రాల ట్రక్కు ఉన్నవారికి ఒక మాట. మీ నొగ మడతబందు మీద తిరుగుతుంది గనుక తొట్టి వాలదు. అంతమాత్రాన ఎత్తు తేడా పోలేదు. నొగ ట్రక్కునుంచి హుక్కుకు ఎగువగా ఉంటే, బ్రేకు వేసినప్పుడు వెనుక బరువు ట్రాక్టరును ముందుకూ పైకీ నెడుతుంది. మన ట్రక్కులు చాలావాటికి బ్రేకులు లేవు కదా! వెనుక చక్రాలు తేలికై ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. నొగ దాదాపు నేలకు సమంగా ఉండటమే వీరికీ కావాలి.

అమర్చటం అయిన తరువాత ఖాళీ బండిని చూచి సంతృప్తి పడవద్దు. బరువు వేస్తే టైర్లు నొక్కుకుంటాయి, స్ప్రింగులు దిగుతాయి. మామూలుగా వేసే బరువు వేసి, చదును మీద నిలిపి, ప్రక్కనుంచి చూడండి. తొట్టి సమంగా ఉండాలి, లేదా ముందుకు రవ్వంత దిగి ఉండాలి. ముందు లేచి ఉండకూడదు. తరువాత మెల్లగా ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పండి. కొత్త ట్రాక్టరు టైరు వెడల్పు గనుక ట్రక్కు మూల దానికి రాచుకోవచ్చు. క్రింది చేతులు నొగకు తగలకుండా పైకి ఎత్తి కట్టాలి. హుక్కుకు వేసే సీల కంపెనీదే ఉండాలి, దానికి తాళపు పిన్ను ఉండాలి. సీల పోయిందని ఇంటి స్లాబుకు తెచ్చిన ఇనుప ఊచ ముక్క దూర్చవద్దు. నొగనుంచి ట్రాక్టరుకు ఒక గట్టి గొలుసు కూడా వేయించండి.

ట్రాక్టరు నడకలోనూ మరమ్మతులోనూ శిక్షణ కావలసిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ఊరికి ఒక్కరైనా వెళ్ళివస్తే మంచిది.

కోతలు మొదలైతే వెల్డింగు షాపులవారికి తీరిక దొరకదు, మీకూ దొరకదు. నాట్లు పూర్తయిన వెంటనే ఈ పని చేయించుకోండి. మన ఊళ్ళలో ట్రక్కులు ఇచ్చిపుచ్చుకోవటం మామూలే గనుక, నొగ ప్రక్కన తెల్లరంగుతో ‘కడియం ఎత్తు 20 అంగుళాలు’ అని వ్రాయించండి. ఎరువు పుచ్చుకుపోయేవారు తమ ట్రాక్టరు హుక్కు కొలిచి చూచుకుంటారు.