అతుకుల బొంత: పాత అద్దకం, కొత్త గుడ్డ

బొంత ఎరుగని తెలుగు ఇల్లు లేదు. నలిగిన చీరెలు, చిరిగిన పంచెలు పొరలు పొరలుగా పరచి, అంచులు మడిచి, దారం సాగినంత దూరం కుట్లు వేసుకొంటూ పోయి, చంటిబిడ్డ క్రింద పరచుటకో, చలికాలపు రాత్రి కప్పుకొనుటకో సిద్ధపరచుకొనడం మన పెద్దల అలవాటు. సంస్కృతంలో దీనినే కంథ అన్నారు. అయితే మన ఇండ్లలో దీనిని ఎవరూ కళ అనలేదు. పనికి వచ్చినన్నాళ్ళు వాడి, పీలికలైనప్పుడు పారవేసినారు. ఎవరు కుట్టినారో, ఎప్పుడు కుట్టినారో వ్రాసి ఉంచినవారు అరుదు.

ఇదే పని సముద్రాలకు ఆవల, ముఖ్యంగా అమెరికాలో, గొప్ప గృహకళగా వికసించినది. అక్కడ దానిని క్విల్టు అంటారు. పైన అతుకులతో కూర్చిన గుడ్డ, నడుమ దూది పొర, అడుగున మరొక గుడ్డ. ఈ మూడింటిని కలిపి కుట్టినది క్విల్టు. పాత కాలపు అద్దకాలను పోలిన కొత్త గుడ్డలు తెచ్చుకొని, యంత్రం ముట్టక, చేతికుట్టుతోనే ఆ పై అతుకులను కూర్చేవారు నేడు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. పాతదానికి నకలు చేయడమెందుకు? అందులో నిజాయితీ ఎంత? మనకు అందులో నేర్చుకొనదగినది ఏమున్నది? ఈ ప్రశ్నలను కొంత విచారిద్దాము.

ముందుగా ఆ అతుకుల అమరికను తెలుసుకొనవలెను. అమెరికా గృహిణి దుప్పటినంతటినీ ఒక్కసారిగా ఒడిలో వేసుకొని కుట్టదు. ఆరంగుళాలో, తొమ్మిదంగుళాలో, పన్నెండంగుళాలో కొలత గల చదరాలను విడివిడిగా తయారు చేసుకొని, చివరకు వాటిని జతపరుస్తుంది. ఈ చదరాన్నే బ్లాకు అంటారు. చిన్న చదరమైతే సంచిలో పట్టుతుంది; పొయ్యి దగ్గర కూర్చుండి కుట్టవచ్చు; పొరుగింటికి పోతూ వెంట తీసుకొనిపోవచ్చు. ఇరుకు ఇండ్లలో, తీరిక తక్కువైన బ్రతుకులలో 19వ శతాబ్దిలో ఈ పద్ధతి బాగా వ్యాపించినది. చదరాల పేర్లు కూడ ఇంటి నుండి, పొలం నుండి పుట్టినవే. ఎలుగుబంటి పాదం, ఎగిరే బాతులు, దుంగల ఇల్లు - ఇటువంటివి. వెన్న చిలికే కవ్వం పేరు గల చదరం కూడ ఒకటి ఉన్నది. వారు దానిని చర్న్ డ్యాష్ అంటారు.

ఇక గుడ్డ విషయం. ఈ కథలో మన తీరానికి పెద్ద పాత్రే ఉన్నది. 17వ శతాబ్దిలో మచిలీపట్నం రేవునుండి డచ్చివారు, ఇంగ్లీషువారు ఓడల కొద్దీ అద్దకపు నూలుగుడ్డలు తీసుకొనిపోయినారు. ఇంగ్లీషువారి వర్తకస్థానం అక్కడ 1611లో ఏర్పడినది. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరవేసిన ద్రవంతో నలుపు గీసి, పటిక పూసి, చిరివేరుతో ఉడికించి ఎరుపు తెప్పించిన ఆ గుడ్డలు ఎన్ని ఉతుకులకూ రంగు వీడలేదు. ఐరోపావారికి అది వింతయైనది. ఊలు, పట్టు నేసేవారి జీవనం దెబ్బతిన్నదని ఫ్రాన్సు 1686లో ఈ అద్దకాలను నిషేధించినది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1720లో మరింత కఠినమైన చట్టం చేసినది. అయినా మోజు తగ్గలేదు. చింకి పేలిక కూడ పారవేయడానికి మనసు రాక, మిగిలిన ముక్కలను అతికి దుప్పట్లు చేసుకొన్నారు. ఇంగ్లండులోని లీవెన్స్ హాలు అనే పాత భవనంలో 1708 ప్రాంతపుదని చెప్పే అతుకుల దుప్పటి నేటికీ ఉన్నది; అది భారతదేశపు అద్దకపు గుడ్డలతో కూర్చినదే. తరువాతి కాలంలో అమెరికా దక్షిణ తీరపు ఇండ్లలో ఈ గుడ్డల మీది పూలను, పక్షులను కత్తిరించి తెల్లగుడ్డపై కుట్టుకొనేవారు.

ఐరోపావారు ఊరకుండలేదు. మన అద్దకాలను అనుకరించడం నేర్చినారు; యంత్రాలు కనిపెట్టినారు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల నుండి అమెరికా మిల్లులు కూడ చవుక అద్దకాలు ముద్రించినవి. ఆ మిల్లులకు దూది అందించినవారు దక్షిణ రాష్ట్రాలలోని బానిసలు. 1865లో దాస్యం రద్దయ్యే వరకు ఆ చవుకదనానికి మూల్యం చెల్లించినది వారే. కనుక నేడు మనం పాతనమూనా అని పిలిచే గుడ్డలో పెక్కు, నకలుకు నకలు. వాటిలో కొన్నింటి మొదటి ప్రతి మన కృష్ణా తీరపు అద్దకపువాడి చేతిలోనిది.

మరి పాత గుడ్డలనే వాడరాదా? వాడరాదు. కారణాలు రెండు. మొదటిది, అవి నిలువవు. ఇనుప లవణంతో పట్టించిన గోధుమ రంగు, నలుపు కాలక్రమాన నూలును తినివేస్తవి. నూరేండ్లు దాటిన క్విల్టులో చుట్టూ ఉన్న ఎరుపు, నీలి ముక్కలు గట్టిగా ఉండగా, గోధుమ రంగు ముక్క మాత్రం వ్రేలికి తగిలి పొడియై రాలుట తరచుగా కనిపిస్తుంది. రెండవది, ముక్కల కోసం ఒక పాత క్విల్టును కోస్తే ఒక చరిత్రపత్రాన్ని చించినట్లే. ఏ అద్దకం ఎప్పటిదో, ఏ ఎరుపు ఏ వేరునుండి వచ్చినదో చెప్పే సాక్ష్యం అందులో ఉన్నది.

అందుచేత పాతనమూనా గుడ్డ అవసరమైనది. 1971లో న్యూయార్కు నగరపు విట్నీ మ్యూజియం పాత క్విల్టులను చిత్రాల వలె గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించినది. 1976లో ఆ దేశపు స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలు జరిగినవి. పాతవాటిపై మోజు పెరిగినది. 1981లో కెంటకీ రాష్ట్రంలో ఇంటింటా ఉన్న క్విల్టులను వెదకి నమోదు చేసే పని ఆరంభమైనది. తక్కిన రాష్ట్రాలూ ఆ దారి పట్టినవి. బార్బరా బ్రాక్‌మన్ వంటి చరిత్రకారులు రంగును, అద్దకాన్ని బట్టి గుడ్డ వయస్సు చెప్పే పద్ధతులను గ్రంథాలుగా వ్రాసినారు; పాతనమూనా గుడ్డల రూపకల్పన కూడ చేసినారు.

ఇటువంటి గుడ్డను తయారు చేయడంలో ఒక చిన్న ఉపాయం ఉన్నది. పాత ముక్క పైభాగం వెలుతురుకు వెలిసిపోయి ఉంటుంది. కాని కుట్టులోపలికి మడిచిన పావంగుళపు అంచు వెలుతురు చూడలేదు గనుక అసలు రంగు అక్కడ దాగి ఉంటుంది. దానిని చూచి రంగును నిర్ణయిస్తారు. పువ్వు సగమే మిగిలియుంటే, తీగ పోయిన పోకను బట్టి తక్కినది పూరిస్తారు. కాబట్టి ఏ కాలపు చదరానికి ఆ కాలపు రంగులు ఏరుకొనవచ్చు. 1840ల క్విల్టుకు టర్కీ ఎరుపు, ఆకుపచ్చ. 1860ల దానికి మంజిష్ఠ జాతి వేరునుండి వచ్చే గోధుమ, ఇటుక రంగులు. 1930ల దానికి లేత గులాబి, లేత పచ్చ. ఆ 1930లు అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యపు రోజులు. పిండి, దాణా అమ్మే వర్తకులు తమ సంచులనే పూల అద్దకాలతో ముద్రించినారు. సంచి ఖాళీ కాగానే అది పిల్లల గౌను, తరువాత బొంత ముక్క.

ఇక చేతిపని. ఇంతకుముందు చెప్పిన కవ్వం చదరాన్నే ఆరంగుళాల కొలతకు తీసుకొందాము. దీనికి ముక్కలు పదిహేడు. నడుమ రెండంగుళాల చదరం ఒకటి. నాలుగు ప్రక్కలకు రెండంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు గల పట్టీలు ఎనిమిది. నాలుగు మూలలకు, రెండంగుళాల చదరాన్ని కోణానుకోణంగా కోసినంత త్రిభుజాలు ఎనిమిది. పట్టీలలో, త్రిభుజాలలో సగం ముదురు రంగువి, సగం లేత రంగువి. నడిమి చదరం లేత రంగుది.

గుడ్డను మొదట ఉతికి ఆరవేయవలెను. రంగు దిగేది అప్పుడే దిగిపోతుంది. అట్టముక్కను పైన చెప్పిన కొలతలకు కోసి, గుడ్డ వెనుకవైపున ఉంచి, చుట్టూ పెన్సిలుతో గీయవలెను. ఆ గీత కుట్టు దారి. గీతకు వెలుపల పావంగుళం వదలి కత్తిరించవలెను. రెండు ముక్కలను ముఖాముఖి ఉంచి, మూలలు కలిసేటట్లు గుండుసూదులు గ్రుచ్చి, సన్నని సూదితో గీతమీదనే కుట్టవలెను. అంగుళానికి ఎనిమిది నుండి పది కుట్లు పడితే చాలు. దారం మూరకు మించరాదు, మించితే చిక్కుపడుతుంది. మొదట, చివర, నడుమ నడుమ ఒక్కొక్క వెనుక కుట్టు వేస్తే అతుకు వీడదు. ముఖ్యమైన సంగతి ఒకటి: కుట్టు గీత కొననుండి కొనవరకే పోవలెను గాని గుడ్డ అంచువరకు పోరాదు. అప్పుడు మడతలు ఎటు కావలెనంటే అటు ఒరుగుతవి, మూలలు ఉబ్బవు.

ముదురు త్రిభుజానికి లేత త్రిభుజం జతచేస్తే మూల ముక్క. ముదురు పట్టీకి లేత పట్టీ జతచేస్తే ప్రక్క ముక్క. ముదురు భాగం ఎల్లప్పుడు నడిమి చదరంవైపు ఉండవలెను. మూడేసి ముక్కలు మూడు వరుసలుగా కుట్టి, వరుసలను ఒకదానికొకటి కలిపితే చదరం పూర్తియైనది. చివర ఇస్త్రీ చేసి, మడతలను ముదురు రంగువైపు త్రిప్పవలెను. లేకున్న లేత గుడ్డ క్రిందనుండి నీడ కనబడుతుంది. చేయి తిరిగినవారికి ఒక సాయంత్రం చాలు. యంత్రంతో అరగంటలో అవుతుంది కదా అని అడుగవచ్చు. అవుతుంది. కాని కొనల వద్ద ముక్కలు ఎట్లు ఒదుగుతవో, ఏ గుడ్డ సాగుతుందో, ఏది బిగుస్తుందో వ్రేళ్ళకు తెలిసేది చేతికుట్టులోనే. ఆ తెలివిడిని మ్యూజియంలో అద్దం వెనుకనుండి చూచి సంపాదించలేము.

ఇప్పుడు నిజాయితీ మాట. 1992లో అమెరికాలో ఒక వివాదం చెలరేగినది. స్మిత్సోనియన్ మ్యూజియం తనవద్ద ఉన్న పాత క్విల్టుల నకళ్ళను చైనాలో కుట్టించి అమ్ముకొనుటకు ఒక వర్తక సంస్థకు అనుమతి ఇచ్చినది. క్విల్టు కుట్టేవారు తీవ్రంగా నిరసించినారు. తమ పనికి విలువ పడిపోతుందన్నది ఒక బాధ. నాలుగు తరాల తరువాత నకలేదో, అసలేదో ఎవరు చెప్పగలరన్నది మరొక బాధ. గుడ్డకే కాదు, కథకు కూడ నకళ్ళు పుట్టుతవి. కవ్వం చదరానికి మంకీ రెంచి అని మరొక పేరు ఉన్నది. పారిపోయే బానిసలకు అది రహస్య సంకేతమని 1999లో ఒక గ్రంథం వెలువడి మిక్కిలి ప్రచారం పొందినది. క్విల్టు చరిత్రకారులు వెదకి, అందుకు ఆధారాలు లేవన్నారు. కథ మనోహరంగా ఉన్నంతమాత్రాన అది చరిత్ర కాదు.

దీనికి మందు చాల చిన్నది. 1840లలో అమెరికా స్త్రీలు చెరగని సిరాతో చదరాలమీద తమ పేర్లు వ్రాసి, ఊరు విడిచిపోయే స్నేహితురాలికి కానుకగా ఇచ్చేవారు. నేడు పాతనమూనా గుడ్డతో కుట్టేవారిలో శ్రద్ధ గలవారు క్విల్టు వెనుక ఒక గుడ్డముక్క కుట్టి, పేరు, ఊరు, సంవత్సరం, గుడ్డ ఎటువంటిదో వ్రాస్తారు. అప్పుడు నకలు మోసం కాదు. అది ఒక పాఠం.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. పెడనలో నేటికీ కొయ్య అచ్చులతో అద్దకం సాగుతున్నది. దాని పూర్వరూపాలు లండన్, న్యూయార్కు మ్యూజియంలలో భద్రంగా ఉన్నవి. కాని మన అమ్మమ్మల బొంతలు మన అటకలమీద ఎలుకల పాలవుతున్నవి. వాటి పొరలలో ఏ ఊరి నేత ఉన్నదో, ఏ పెండ్లి చీరె ఉన్నదో చెప్పగలవారు ఒక్కొక్కరే తరలిపోతున్నారు. గనుక ఇంట పాత బొంత ఉంటే దానిని కోయకండి. నీడపట్టున మెల్లగా విప్పి, ప్రతి గుడ్డను గూర్చి ఇంటి పెద్దలను అడిగి వ్రాసుకొనండి. ఒక చిన్న చీటిమీద కుట్టినవారి పేరు వ్రాసి మూలకు కుట్టండి. కుట్టు నేర్వదలచిన అమ్మాయికి పెడన అద్దకపు గుడ్డ ముక్కలు తెచ్చి ఇచ్చి, ఆ బొంతను ఎదుట పరచి, దానివంటిది మరొకటి కుట్టమనండి. పాతది దాచుకొనుటకు, కొత్తది కప్పుకొనుటకు ఇల్లు చాలుతుంది.