మొదటి నవల: రాత నుంచి అచ్చు దాకా

(అమరావతిలో జరిగిన రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాం. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అన్న పేర్లను కుల ధ్రువపత్రాలపై ఎన్నోసార్లు రాశాం. ధ్రువపత్రంలో కులం పేరుంటుంది గాని మనిషి ఉండడు. ఆ మనిషి కోసమే పదవీ విరమణ తరువాత నవలకు పూనుకొన్నాం. విల్లుతో దూది ఏకిన ఒక కుటుంబం, జిన్నింగు మిల్లులు వచ్చాక మిరప కోతలకూ, గుంటూరు యార్డులో హమాలీ పనికీ మళ్ళిన కథ అది. పూర్తి కావడానికి మూడేళ్ళు పట్టింది.

అచ్చు వేయించడం అంతకంటె కష్టమైంది. ఒక ప్రచురణకర్త రాతప్రతిని ఏడాది తన వద్ద ఉంచుకొని రెండు మాటలు చెప్పారు. "ముస్లింలంటున్నారు, ఇంట్లో ఉర్దూ లేదేమిటి?" అన్నది మొదటిది. "తలాకో, మతకల్లోలమో లేకుంటే పాఠకుడు చదవడు" అన్నది రెండవది. దూదేకుల ఇంట మాతృభాష తెలుగే. లేని ఉర్దూను వారి నోట ఎలా పెట్టగలం? మేము వినయంగానే నిరాకరించి, రాతప్రతి తిరిగి తెచ్చుకొన్నాం.

ప్రకాశం జిల్లావాసి సలీం రాసిన 'కాలుతున్న పూలతోట'కు 2010లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. ఆ నవల ఎయిడ్స్ బాధితుల వ్యథను చెబుతుంది. ముస్లిం రచయిత ఫలానాదే రాయాలన్న నియమం లేదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి? మన గుంటూరు సీమకే చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు చెరసాలలో రచించిన 'మాలపల్లి' 1922లో వెలువడగా, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అయినా ఆ నవల నేటికీ నిలిచి ఉంది. ప్రభుత్వ నిషేధాన్నే దాటిన నవల పుట్టిన నేల ఇది.

చివరికి పింఛను డబ్బుతో మేమే అయిదు వందల ప్రతులు వేయించాం. కొత్తగా రాసేవారికి రెండు సూచనలు. ఒప్పందంపై సంతకం చేసే ముందు ప్రతి పంక్తీ చదవండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో గడువు పేర్కొనకపోతే దానిని అయిదేళ్ళుగానే పరిగణిస్తారు. "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న మాట కనిపిస్తే సంతకం ఆపి అడగండి. ఇక ఐఎస్‌బీఎన్ సంఖ్యను మన దేశంలో ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. దానికి ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు.

మైనారిటీ హక్కులంటే ఉపకార వేతనాలూ, రిజర్వేషన్లూ మాత్రమే కావు. మన బతుకును మన మాటల్లో, ఒకరు కోరిన వేషం వేయకుండా చెప్పుకోవడం కూడా హక్కే. మీలో ఎవరి ఇంటనైనా రాతప్రతి పెట్టెలో ఉంటే బయటికి తీయండి. ముందుగా ఒకరికి చదివి వినిపించండి. అచ్చుకయ్యే ఖర్చు సంగతి అందరం కూర్చొని ఆలోచిద్దాం.