ధర పడితే చవకేనా?

బెంగళూరు విద్యుత్ స్కూటర్ల కంపెనీ ఓలా ఎలక్ట్రిక్ 2024 ఆగస్టులో 76 రూపాయలకు షేరు అమ్మింది. అదే నెలలో 157 దాకా ఎగబాకిన ధర, ఏడాది తిరక్కుండానే 76కు బాగా దిగువకు జారింది. ఇంత పడింది కాబట్టి చవకేనని దయచేసి అనుకోకండి. నష్టాల కంపెనీకి లాభాన్ని బట్టి విలువ కట్టలేం. బండి అమ్మితే ఏమైనా మిగులుతోందా, చేతిలోని నగదు ఎన్నాళ్లు సరిపోతుంది, అప్పెంత అన్నవి చూడాలి. 2024-25లో ఓలా రాబడి తగ్గింది, నష్టం పెరిగింది.

అసలు లెక్కలు నిజమేనా అన్నది అన్నిటికన్నా ముందు ప్రశ్న. హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం పుస్తకాల్లో చూపిన 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు లేనివేనని 2009 జనవరి 7న తేలింది. ప్రమోటర్ల షేర్లు తాకట్టులో ఉన్న సంగతి, ఒక హెచ్చరికలా, అంతకుముందే బయటపడింది.