వేప్‌లో తీపి, ఒంట్లో షుగర్

వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, పోసే ద్రవం తియ్యగా ఉంటుంది కదా, దానితో షుగర్ పెరుగుతుందా అని కొందరి సందేహం. అందులోని గ్లిజరిన్‌ను కాలేయం గ్లూకోజుగా మార్చగలదు, నిజమే. అయితే ఆవిరితో లోపలికి వెళ్లేది కొద్దిగానే. అసలు భయం నికోటిన్‌తోనే. అది అడ్రినలిన్‌ను రేపుతుంది. దాంతో కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ పట్టు కూడా సడలుతుంది. పొగతాగేవాళ్లకు రెండో రకం మధుమేహం వచ్చే ముప్పు 30 నుంచి 40 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక చెప్పింది. వేప్‌లో ఉండేదీ ఆ నికోటినే.

మన తాడిపత్రి నాపరాయి పాలిష్ యూనిట్లలో తడినేల మీద నిలబడి బండలు ఎత్తేవాళ్లను తలచుకోండి. షుగర్‌తో పాదం మొద్దుబారితే రాయి అంచు కోసినా తెలియదు. పైగా నికోటిన్ రక్తనాళాలను బిగిస్తే ఆ పుండుకు రక్తం సరిగా అందదు. నా దిగులంతా అక్కడే.

మన దేశంలో 2019 నుంచి వేప్‌ల అమ్మకం నిషేధం. చాటుగా అమ్మే సీసా మీద ఏం రాసున్నా నమ్మకండి. మానాలనుకుంటే 1800 11 2356కు ఉచితంగా ఫోన్ చేయండి. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పండి. నికోటిన్ మానాక ఇన్సులిన్ బాగా పనిచేసి మోతాదు తగ్గించాల్సి రావచ్చు.