విద్యుత్ సంస్థల విక్రయము – రెండు రాష్ట్రముల అనుభవము



ప్రభుత్వోద్యోగుల సభలో ప్రభుత్వ సంస్థల విక్రయమును గూర్చి మాట్లాడుట ఇరకాటమైన పని. అమ్మరాదన్నచో స్వార్థమందురు, అమ్మవలెనన్నచో ఇంటికి పోవునపుడు తోడు వచ్చువారుండరు. కావున జరిగిన సంగతులనే మీ ముందుంచెదను.

మొదటిది ఒడిశా. 1996లో అచ్చటి విద్యుత్ బోర్డును విడదీసి, 1999లో నాలుగు పంపిణీ సంస్థలలోను నూటికి 51 వాటాలను ప్రైవేటు వారికి విక్రయించిరి. రాష్ట్రమంతటి పంపిణీని అమ్ముట దేశమున అదే మొదలు. మూడు సంస్థలు బి.ఎస్.ఇ.ఎస్. వారికిని, కటకము, భువనేశ్వరములున్న మధ్యభాగము అమెరికా దేశపు ఏ.ఇ.ఎస్. వారికిని పోయినవి. ఆ ఏడే అక్టోబరు 29న పెనుతుపాను స్తంభములను, తీగెలను నేలగూల్చినది. 2001లో ఏ.ఇ.ఎస్. వారు నిర్వహణ విడిచి వెడలిపోయిరి. తక్కిన మూడింటి లైసెన్సులను 2015లో నియంత్రణ సంఘము రద్దు చేసినది. 2020, 2021 సంవత్సరములలో నాలుగును టాటా పవర్ వారి చేతికి వచ్చినవి. కొన్నవాడు వెడలిపోయినాడు, ఊళ్లు ఉన్నచోటనే ఉన్నవి.

ఇక ఢిల్లీ. బదిలీలపై అచ్చట కాపురముండిన వారికి ఇది ఇంటి సంగతి. 2002 జూలై 1న విద్యుత్ బోర్డును విడదీసి పంపిణీని మూడు కంపెనీలకప్పగించిరి. వేలము ధరపై కాక, నష్టములను ఏటేట ఎంత తగ్గింతురను మాటపై జరిగినది. నాడు సరఫరా చేసిన విద్యుత్తులో సుమారు సగమునకు పైకము వచ్చెడిది కాదు. తీగెలలో పోయినది కొంత, దొంగిలింపబడినది కొంత, వసూలు కానిది కొంత. నేడా నష్టము నూటికి పదిలోపలనే యున్నది. ఈ మేలును ఒప్పుకొనక వాదించుట న్యాయము కాదు.

అయితే ఖర్చుకు తగినట్లు రేటును ఏనాటికానాడు సవరింపక, రావలసిన సొమ్మును మున్ముందు వసూలు చేసికొనవచ్చునని లెక్కలలో వ్రాయుచు వచ్చిరి. దీనికి 'రెగ్యులేటరీ ఆస్తి' యని పేరు. ఆస్తి కంపెనీకి, బిల్లు కట్టువానికది అప్పు! ఢిల్లీలో ఇది 2024 మార్చి చివరకు 27,000 కోట్ల రూపాయలు దాటినది. ఇట్టి బాకీలను గడువులోగా తీర్చవలెనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆనాటి బోర్డు ఉద్యోగుల పింఛనుకై ఏర్పరచిన ట్రస్టు కొరకును బిల్లుపై సర్‌చార్జి పడినది. పింఛను వారి హక్కు. కాని సంస్థను అమ్మినవారు పెట్టవలసిన ఖర్చు బిల్లులోనికి వచ్చి చేరుట గమనింపదగినది.

అమ్మని చోట రేటు తగాదా లేదా యందురా? ఆంధ్రప్రదేశ్‌లో 1999లో బోర్డును విడదీసిరే గాని పంపిణీని విక్రయింపలేదు. అయినను 2000 ఆగస్టులో చార్జీల పెంపుపై ఆందోళన రేగి, హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. యజమాని ఎవరైనను రేటు చెప్పుటకు భయమే. ఆ భయము ఖరీదే ఢిల్లీలో బాకీగా పెరిగినది.

కేంద్రపాలితమైన చండీగఢ్‌లో 2022 ఫిబ్రవరిలో ఉద్యోగులు సమ్మె చేయగా నగరము చీకటిలో మునిగినది. అయినను 2025 ఫిబ్రవరి 1న పంపిణీ ప్రైవేటు కంపెనీకి పోయినది. ఈసారి నూటికి నూరు వాటాలును. అచ్చటి మన తెలుగువారు తమ బిల్లులను పారవేయక దాచియుంచి, కొన్నేండ్ల పిదప ఇట్టి సభలోనే చదివి వినిపింతురని ఆశించుచున్నాను.