ఫొటో కింద ఎవరి మాట?

(మౌలాలిలో కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి రైల్వే బస్తీల నుంచీ, మీ పల్లెల నుంచీ తెచ్చిన ఫొటోలు ఈ బల్ల మీద కుప్ప పోసి ఉన్నయి. పుస్తకం వేద్దామంటున్నరు. మంచిదే. కానీ ఏ ఫొటో ముందు రావాలె? దాని కింద మాట ఎవరు రాయాలె?

మన బొమ్మల పుస్తకాలు దొరలు ఎప్పుడో వేసిన్రు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించిండు. మాలలు, మాదిగలు అందులో ఉన్నరు. తలలు, ముక్కులు కొలిచి అంకెలు వేసిండు. మనిషి కాదు, కులానికి నమూనా!

ఇంకో దారి చూడండి. ఢిల్లీ ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ మన ఉద్యమం మనిషి కాదు. అయినా ఆమె దగ్గర నేర్చుకునేది ఉన్నది. 1989లో ఒక లండన్ పత్రిక కోసం మోనా అహ్మద్ అనే హిజ్రాను ఫొటోలు తీసింది. లండన్‌ల మా చుట్టాలున్నరు, ఆ రీలు నాకిచ్చెయ్ అన్నది మోనా. ఇచ్చేసింది! ఆ స్నేహంలోంచే 2001లో మోనా మీద పుస్తకం వచ్చింది. శ్మశానంలో కాపురమున్న మోనా, ప్రచురణకర్తకు పంపిన ఈమెయిళ్ళే అందులో మాటలు. మోనా కథ మోనాయే చెప్పింది.

2008లో దయానితా ఏడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి వేసింది. హార్మోనియం తిత్తి లాగ మడతలు. విప్పి నిలబెడితే అదే ఎగ్జిబిషన్. మనకు పనికొచ్చేది ఇదే. కుట్టిన పుస్తకం ఒకరి ఇంట్లో పెట్టెల పడి ఉంటది. మడతల పుస్తకం అరుగు మీద నిలబెడితే పదిమంది ఒక్కసారే చూస్తరు, చదువు రానోళ్ళు కూడా. అట్ట ఏ వైపు సులువుగ వంగుతదో ఆ వైపే మడవాలె, లేకుంటే పగులుతది. మడత మీద ఎవరి మొహమూ రావద్దు.

మొదటి పేజీలో శవం పెడదామని కొందరన్నరు. నేను వద్దంటున్న. కారంచేడు 1985, చుండూరు 1991. ఆ ఫొటోలు దాచమని కాదు. చంపబడ్డ మనిషి డప్పు కొట్టిన ఫొటోనో, పెండ్లి ఫొటోనో ఆ ఇంట్లో ఉంటే అడిగి తెచ్చి, దాన్ని ముందు పెట్టండి.

ఇగో, చీపురు పట్టుకున్న ఈ అక్క ఫొటో అందరికీ నచ్చింది. పైఅట్టకు ఇదే అంటున్నరు. ఆమెను ఇంకా ఎవరూ అడగలేదట. ప్రెస్సుకు పోకముందే ఇద్దరు పోయి చూపించండి. ఒప్పుకుంటే కింద ఏం రాయాలో ఆమెనే చెప్పమనండి. వద్దంటే ఫొటో ఆమె చేతికే ఇచ్చి రండి.