నగరపు మురుగు – పల్లెపెద్దల మాట



నగరవీధిలో మురుగు పొంగినచో పల్లెలకేమి నష్టమని మీకు తోచవచ్చును. హైదరాబాదు మురుగులో చాల భాగము మూసీని చేరును. ఆ మూసీయే నల్లగొండ, సూర్యాపేట సీమల పొలములను తడిపి వాడపల్లికడ కృష్ణలో గలియును. అంతేకాదు, మీ బిడ్డలనేకులు నేడా నగరమందే కాపురమున్నారు. కావున ఈ విషయము మీదియు నగును.

1908వ సంవత్సరము సెప్టెంబరులో మూసీవరద వేలకొలది జనులను పొట్టబెట్టుకొన్నది. పిమ్మట నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన వరద నాపు జలాశయములతోపాటు భూగర్భమున మురుగు పారు మార్గమునకును పథకము సిద్ధపరచిరి.

మురుగుగొట్టము మన పంటకాలువ వంటిదే; నీరు వాలునుబట్టి పారును. వంటనూనె తొట్టిలో పోసినచో, అది లోపల చల్లారి గోడలకు పేరుకొనును. దానికి గుడ్డపేలికలు, వెండ్రుకలు, ప్లాస్టిక్ సంచులు తగులుకొని గొట్టము పూడును. అంతట పల్లపు మ్యాన్‌హోలునుండి మురుగు పైకుబుకును. వాననీరు పోవుటకై మ్యాన్‌హోలు మూత తెరచుట మరియొక తప్పు. ఇసుక లోనికి పోవుటయే కాక, ఆ గోతిలో మనుష్యులును పడుదురు.

ఇంట నీరు మెల్లగా దిగుట, తొట్టిలో గుడగుడ శబ్దమగుట, మూత యంచున తడి కనబడుట – ఇవి ముందు గుర్తులు. వెంటనే జలమండలివారికి 155313 సంఖ్యకు ఫోను చేయవలెను. వీధి పేరు, దగ్గరి గురుతు, పొంగిన వేళ చెప్పి, ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనవలెను. "పొరుగువారు చెప్పియుందురులే" యని యూరకుండరాదు. నీరు రాని వేళ మంచినీటిగొట్టమునకు పగులున్నచో మురుగు లోనికి జొరబడును. దానివలన కలరా, సన్నిపాతజ్వరము, కామెర్లు వచ్చును. అనుమానము గలిగిన నీటిని కాచియే త్రాగవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. కూలి యిచ్చి మనిషిని మురుగుగోతిలోనికి దింపరాదు. లోపలి విషవాయువు మొదట కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టును. పిమ్మట ముక్కు మొద్దుబారి, వాసనయే తెలియదు. పడినవానిని రక్షింప దిగిన రెండవవాడును ప్రాణము గోల్పోవును. 2013వ సంవత్సరపు చట్టము తగిన రక్షణలు లేక మనిషి నిట్లు దింపుటను నిషేధించినది. యంత్రముతో చేయవలసిన పనికి ఒక యింటి దీప మారరాదు.

పెద్దలారా! నగరమందలి మీ బిడ్డలతో మాటలాడునపుడు క్షేమము విచారించి, ఈ నాలుగు మాటలును చెప్పుడు. ఎగువనున్నవారు జాగ్రత్తపడిననే గదా దిగువనున్నవారికి మంచినీరు!